కొత్త సొరుగుకు తాళం ఎవరు తీయాలి?

కంప్యూటరు కొనేటప్పుడు మనం పెట్టె మీద రాసినది చదువుతాం. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఫలానా కొత్త సదుపాయం ఉందా లేదా అని చూసుకుని డబ్బు కడతాం. ఆ సదుపాయం చిప్పులో ఉన్న మాట నిజమే కావచ్చు. కాని అది మనం రాసే ప్రోగ్రాముకు అందుతుందా అన్నది వేరే ప్రశ్న. చిప్పులో ఉండటం వేరు, చేతికి అందటం వేరు. ఈ రెంటికీ మధ్య ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చుని ఉంటుంది. అది ఒప్పుకుంటేనే కొత్త సదుపాయం మన దాకా వస్తుంది. ఒప్పుకోకపోతే మనం డబ్బు పోసి కొన్నది చిప్పులోనే నిద్రపోతుంది.

ఇది ఈనాటి సమస్య కాదు. ఇంటెల్ సంస్థ 80386 ప్రాసెసరును 1985లో బయటపెట్టింది. 32 బిట్ల రిజిస్టర్లు, 4 గిగాబైట్ల చిరునామా పరిధి, ఒక ప్రోగ్రాము మెమరీలో మరొకటి వేలు పెట్టకుండా కాపాడే పేజింగ్ ఏర్పాటు, అన్నీ అందులో ఉన్నాయి. కాని ఆ రోజుల్లో ఎక్కువమంది కంప్యూటర్లలో నడిచింది డాస్. డాస్ దృష్టిలో 386 అంటే వేగంగా పరుగెత్తే 8086, అంతే. కొన్ని యూనిక్స్ రకాలు ఆ శక్తిని ముందే వాడుకున్నాయి. 1990లో విండోస్ 3.0 కొంతవరకు వాడుకుంది. 1991లో పుట్టిన లినక్స్, 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ దాని మీదే నిలబడ్డాయి. మామూలు ఇళ్ళలోకి 32 బిట్ల పద్ధతి విరివిగా వచ్చింది మాత్రం 1995 ఆగస్టులో, విండోస్ 95తో. అంటే చిప్పు వచ్చిన పదేళ్ళకు!

ఎందుకింత ఆలస్యం? బద్ధకం అని ఒక్క మాటలో కొట్టిపారేయటం తేలిక. నేను ఆ మాట అనను. కొత్త సదుపాయాన్ని ఒప్పుకోవటమంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక బాధ్యతను నెత్తిన వేసుకోవటం. ఆ బాధ్యత ఏమిటో రిజిస్టర్లు అనే ఒక్క విషయాన్నే పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాలని ఈ ప్రయత్నం. కంప్యూటరు సైన్సు చదవని మిత్రులు కూడా చదవాలని నా కోరిక కాబట్టి, ముందు హాస్టలు రీడింగ్ రూములోకి వెళదాం.

ఒక బల్ల, పదిమంది విద్యార్థులు

రీడింగ్ రూములో ఒకే ఒక బల్ల ఉందనుకోండి. చదువుకోవలసినవాళ్ళు పదిమంది. అందరూ వంతులవారీగా ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. గంట కొట్టగానే అటెండరు వస్తాడు. కూర్చున్న విద్యార్థిని లేపి, బల్ల మీద పరచి ఉన్న అతని కాగితాలన్నీ ఎక్కడివక్కడ గుర్తుపెట్టుకుని ఒక సంచిలో సర్దుతాడు. తరవాతి విద్యార్థి సంచి తెచ్చి, అతను లేచివెళ్ళినప్పుడు కాగితాలు ఎట్లా ఉన్నాయో సరిగ్గా అట్లాగే పరుస్తాడు. వచ్చిన విద్యార్థికి తాను మధ్యలో లేచివెళ్ళిన సంగతే తెలియదు. బల్ల తనదొక్కడిదే అనుకుంటాడు.

ఇక్కడ బల్ల అంటే ప్రాసెసరు. విద్యార్థులు మన ప్రోగ్రాములు. బల్ల మీది కాగితాలు రిజిస్టర్లలోని విలువలు. అటెండరు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్. గంట అంటే టైమరు. సెకనుకు వందలసార్లు కూడా ఈ మార్పిడి జరుగుతుంది. ఒకే కోరు మీద పాట వింటూ, ఉత్తరం టైపు చేస్తూ, ఫైలు దించుకోగలుగుతున్నామంటే ఈ అటెండరు చలవే.

ఇప్పుడు కళాశాలవారు పాత బల్ల తీసేసి కొత్త బల్ల వేశారు. దానికి కింద ఒక సొరుగు ఉంది. తెలివైన విద్యార్థి ఒకడు సొరుగు లాగి అందులో కొన్ని కాగితాలు పెట్టుకున్నాడు. గంట కొట్టింది. అటెండరుకు సొరుగు సంగతి తెలియదు. బల్ల మీదివి మాత్రమే సర్దుకుని వెళ్ళాడు. తరవాత వచ్చినవాడు కూడా సొరుగు తీశాడు. ముందువాడి కాగితాలు చదివాడు, వాటి మీదే తన లెక్కలు రాశాడు. మొదటివాడు తిరిగి వచ్చి సొరుగు తీస్తే అందులో ఉన్నవి తన లెక్కలు కావు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. పైగా ఆ తప్పు రోజూ జరగదు. ఇద్దరూ సొరుగు వాడిన రోజునే జరుగుతుంది. ఇట్లాంటి తప్పును పట్టుకోవటం ఎంత కష్టమో ప్రోగ్రాములు రాసే ప్రతివాడికీ అనుభవమే.

చిప్పులో కొత్త రిజిస్టర్లు వచ్చినప్పుడల్లా ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే.

సొరుగు లేకుండా గడుపుకున్న ఉపాయం

1997 జనవరిలో ఇంటెల్ తన పెంటియం చిప్పులకు ఎంఎంఎక్స్ అనే సదుపాయం చేర్చింది. ఒకే ఆజ్ఞతో అనేక చిన్న సంఖ్యల మీద ఒకేసారి పని చేయించటం దాని ఉద్దేశం. బొమ్మలకు, శబ్దాలకు బాగా పనికివస్తుంది. ఇందుకు 64 బిట్ల రిజిస్టర్లు 8 కావాలి. కొత్తగా పెడితే ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ మారవలసి వస్తుంది. అందుకని ఇంటెల్ ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. దశాంశ లెక్కల కోసం అప్పటికే 80 బిట్ల రిజిస్టర్లు 8 ఉన్నాయి గదా, వాటిలోని 64 బిట్లకే ఎంఎంఎక్స్ అని మరో పేరు పెట్టారు. అటెండరు ఆ పాత రిజిస్టర్లను ఎటూ సర్దుతూనే ఉన్నాడు. కాబట్టి అతనికి కొత్తగా ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఎంఎంఎక్స్ కంటే ముందే విడుదలైన విండోస్ 95 మీద కూడా ఎంఎంఎక్స్ ప్రోగ్రాములు నడిచాయి.

ఉపాయం బాగానే ఉంది కాని, దానికి మూల్యం ప్రోగ్రాము రాసేవాళ్ళు చెల్లించారు. ఒకే అరలో రెండు రకాల సామాను పెట్టలేం. ఎంఎంఎక్స్ పని ముగించి, అర ఖాళీ చేసినట్టు ఒక ప్రత్యేకమైన ఆజ్ఞ ఇచ్చి, అప్పుడు గాని దశాంశ లెక్కలకు పోరాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తప్పిన శ్రమ ప్రోగ్రాము రాసేవాడి మీద పడిందన్నమాట.

తాళం వేసిన సొరుగు

రెండేళ్ళకు, 1999లో, పెంటియం-3తో ఎస్‌ఎస్‌ఈ వచ్చింది. ఈసారి నిజంగానే కొత్త సొరుగు: 128 బిట్ల రిజిస్టర్లు 8. మరి పాత అటెండరు సంగతేమిటి? ఇక్కడే చిప్పు తయారుచేసినవారు ఒక మంచి నియమం పెట్టారు. సొరుగుకు తాళం వేసే ఇచ్చారు. ప్రాసెసరులో కంట్రోల్ రిజిస్టరు 4 అని ఒకటి ఉంది. దానిని మార్చే అధికారం కెర్నెల్‌కు తప్ప మామూలు ప్రోగ్రాములకు లేదు. అందులో ఒక బిట్టు కేటాయించారు. 'కొత్త రిజిస్టర్లను సర్ది, తిరిగి పరచటం నాకు తెలుసు' అని కెర్నెల్ ఇచ్చే హామీ ఆ బిట్టు. అది 1 అయితేనే సొరుగు తెరుచుకుంటుంది. 0గా ఉండగా ఏ ప్రోగ్రామైనా ఎస్‌ఎస్‌ఈ ఆజ్ఞ వాడబోతే, ప్రాసెసరు దానిని చెల్లని ఆజ్ఞగా లెక్కగట్టి పనిని ఆపేస్తుంది.

కొందరికి ఇది మొండితనంగా కనిపించవచ్చు. ఉన్న సదుపాయాన్ని వాడుకోనివ్వకపోవటమేమిటని అడగవచ్చు. కాని ఆలోచించి చూడండి. తప్పు లెక్క నిశ్శబ్దంగా ఇవ్వటం కంటే, పని జరగదని మొహం మీదే చెప్పటం ఎంతో మేలు గదా. వంతెన లెక్కలో గాని మందు మోతాదు లెక్కలో గాని ఒక అంకె మరొకరి సొరుగులోంచి వచ్చి కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

2011 జనవరిలో వచ్చిన ఏవీఎక్స్‌తో ఈ కథ మళ్ళీ జరిగింది. రిజిస్టర్ల వెడల్పు 128 నుంచి 256 బిట్లకు పెరిగింది. ఆ వివరాలను ఇంటెల్ 2008లోనే ప్రకటించింది. వాటిని చదివి లినక్స్ కెర్నెల్ రాసేవాళ్ళు 2009 జూన్‌లో వెలువడిన 2.6.30 నాటికే ఏర్పాటు సిద్ధం చేసుకున్నారు. చిప్పు రాకముందే తాళంచెవి తయారైంది. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో ఆ ఏర్పాటు లేదు. 2011 ఫిబ్రవరి నాటి మొదటి సర్వీసు ప్యాకుతో వచ్చింది. ఆ ప్యాకు వేసుకోనివారి కంప్యూటర్లలో ఏవీఎక్స్ చిప్పు ఉన్నా లేనట్టే. ఒకే చిప్పు, ఒకే ధర, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, రెండు ఫలితాలు. పెట్టె మీది మాటను మాత్రమే నమ్మకూడదని నేను అనటానికి కారణం ఇదే.

ప్రోగ్రాము అడగవలసిన మూడు ప్రశ్నలు

అందుచేత ఏవీఎక్స్ వాడదలచిన ప్రోగ్రాము, మర్యాద తెలిసినదైతే, ముందు మూడు ప్రశ్నలు వేస్తుంది. ఒకటి: ఈ చిప్పుకు ఏవీఎక్స్ వచ్చా? సీపీయూఐడీ అనే ఆజ్ఞ దీనికి జవాబిస్తుంది. రెండు: కొత్త పద్ధతిలో సర్దటం తెలుసని కెర్నెల్ ఒప్పుకుందా? దీనికి జవాబు కూడా సీపీయూఐడీ ఫలితంలోనే మరో బిట్టుగా ఉంటుంది. మూడు: ఒప్పుకుంటే, ఏయే సొరుగులను సర్దుతానని చెప్పింది? ఆ జాబితా మరో కంట్రోల్ రిజిస్టరులో ఉంటుంది. దానిని ఎక్స్‌గెట్‌బీవీ అనే ఆజ్ఞతో చదవాలి. మూడింటికీ అవునని వస్తేనే ముందుకు పోవాలి. లేకపోతే పాత దారిలో, నెమ్మదిగానైనా సరే, పని పూర్తి చేయాలి.

పరీక్షకు చదివేవాళ్ళు సాధారణంగా మొదటి ప్రశ్నతో ఆగిపోతారు. చిప్పుకు వచ్చు గనక వాడేస్తారు. తమ కంప్యూటరులో నడుస్తుంది కూడా. వేరొకరి కంప్యూటరులో మాత్రం ప్రోగ్రాము మొదలుకాగానే చతికిలబడుతుంది. మూడు ప్రశ్నలూ కంఠస్థం చేయమని విద్యార్థి మిత్రులకు నా సలహా.

సంచి బరువు

సొరుగులు పెరిగేకొద్దీ సంచి బరువెక్కుతుంది. లెక్క వేసి చూద్దాం. ఎస్‌ఎస్‌ఈ మొదట్లో 8 రిజిస్టర్లు, ఒక్కొక్కటి 16 బైట్లు: మొత్తం 128 బైట్లు. 64 బిట్ల పద్ధతిలో ఏవీఎక్స్‌కు 16 రిజిస్టర్లు, ఒక్కొక్కటి 32 బైట్లు: 512. ఆ తరవాత వచ్చిన ఏవీఎక్స్-512లో 32 రిజిస్టర్లు, ఒక్కొక్కటి 64 బైట్లు: 2,048. 2023 జనవరిలో ఇంటెల్ సర్వరు చిప్పులలో వచ్చిన ఏఎంఎక్స్‌లో గుణకారాల కోసం పలకల్లాంటి పెద్ద రిజిస్టర్లు 8 ఉన్నాయి. ఒక్కొక్కటి 1,024 బైట్లు: మొత్తం 8,192. అంటే 128 బైట్లతో మొదలైన సామాను 64 రెట్లు పెరిగిందన్నమాట.

ప్రతి గంటకూ ఇంత బరువు మోయాలంటే అటెండరు నడుము విరుగుతుంది. అందుకని రెండు జాగ్రత్తలు పుట్టాయి. మొదటిది, విద్యార్థి ముట్టుకోని సొరుగును సర్దకుండా వదిలే తెలివి చిప్పుకే నేర్పారు. రెండవది, ఏఎంఎక్స్ విషయంలో లినక్స్ ఒక కొత్త నియమం పెట్టింది. 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నెల్ నుంచి, ఏఎంఎక్స్ పలకలు కావలసిన ప్రోగ్రాము ముందుగా కెర్నెల్‌ను అనుమతి అడగాలి. అడిగినవారికే పెద్ద సంచి, అడగనివారికి పాత సంచే చాలు. సదుపాయాన్ని ఒప్పుకోవటం ఎంత ముఖ్యమో, దాని ఖర్చు అందరి మీదా పడకుండా చూడటమూ అంతే ముఖ్యం.

సర్దకుండా వదిలేసిన కాగితాలు

బరువు తగ్గించుకోవటానికి అంతకు ముందు చాలాకాలం మరో పద్ధతి నడిచింది. గంట కొట్టినా అటెండరు దశాంశ లెక్కల కాగితాలను వెంటనే సర్దడు. వాటి మీద ఒక గుడ్డ కప్పి పోతాడు. కొత్తగా కూర్చున్న విద్యార్థికి ఆ భాగంతో పని లేకపోతే శ్రమ కలిసివచ్చినట్టే. అతను గుడ్డ ఎత్తబోతే అప్పుడు అటెండరు పరుగెత్తుకొచ్చి పాత కాగితాలు సర్ది, ఇతనివి పరుస్తాడు. చూడటానికి ఎంతో తెలివైన పద్ధతి.

కాని కొత్త ప్రాసెసర్లకు ఒక అలవాటు ఉంది. అనుమతి ఉందో లేదో తేలకముందే, ఎటూ వస్తుందిలే అని ముందుగానే పని మొదలుపెట్టటం. అనుమతి లేదని తేలితే చేసిన పనిని చెరిపివేస్తాయి. అయితే చెరిపిన చోట కూడా ఆనవాళ్ళు మిగులుతాయి. ఆ ఆనవాళ్ళను బట్టి, గుడ్డ కింద ఉన్న వేరొకరి కాగితాలను చదవవచ్చని 2018 జూన్‌లో బయటపడింది. దానికి లేజీ ఎఫ్‌పీ అని పేరు పెట్టారు. రహస్య లిపికి వాడే ఏఈఎస్ తాళంచెవులు కూడా ఆ రిజిస్టర్లలోనే ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అప్పటికే కొత్త లినక్స్ కెర్నెళ్ళు ఈ గుడ్డ కప్పే పద్ధతిని వదిలేసి, ఎప్పటికప్పుడు సర్దే పద్ధతికి మారిపోయి ఉండటం అదృష్టం. పాత కెర్నెళ్ళకు సవరణలు పంపవలసి వచ్చింది. హార్డ్‌వేరు స్వభావం మారితే, నిన్నటి మంచి పద్ధతి నేటి కన్నం కావచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త సదుపాయాలను నేర్చుకుంటే సరిపోదు, తన పాత అలవాట్లను కూడా తిరిగి చూసుకోవాలి.

రెండు రకాల బల్లలు, ఖాళీ అయిన సొరుగు

2021 నవంబరులో ఇంటెల్ విడుదల చేసిన 12వ తరం కోర్ చిప్పులలో రెండు రకాల కోర్లు ఉన్నాయి: బరువు పనులకు పెద్దవి, కరెంటు ఆదా చేసేవి చిన్నవి. సెల్‌ఫోను చిప్పులలో ఇది అంతకు ముందు నుంచీ ఉంది. ఆర్మ్ సంస్థ ఈ పద్ధతిని 2011లో ప్రకటించింది. కాని ఏ పనిని ఏ కోరుకు ఇస్తే తక్కువ శక్తితో గడుస్తుందో లెక్క వేసుకునే ఏర్పాటు లినక్స్ ప్రధాన కెర్నెల్‌లోకి 2019లో, 5.0తో గాని రాలేదు. ఇక్కడా ఎనిమిదేళ్ళు పట్టింది.

12వ తరం చిప్పులో సొరుగు చిక్కు మరో రూపంలో వచ్చింది. పెద్ద కోర్లకు ఏవీఎక్స్-512 చేయగల సత్తా ఉంది, చిన్నవాటికి లేదు. సొరుగున్న బల్ల దగ్గర మొదలుపెట్టిన విద్యార్థిని అటెండరు సొరుగు లేని బల్ల దగ్గరకు పంపితే అతని గతేమిటి? చివరకు ఇంటెల్ ఆ చిప్పులలో ఏవీఎక్స్-512ను అధికారికంగా ఇవ్వనేలేదు. సొరుగు చేసి, మేకు కొట్టేసినట్టయింది.

తెరిచిన సొరుగును మూసేసిన సందర్భం కూడా ఉంది. ప్రోగ్రాము తన హద్దు దాటి మెమరీని ముట్టుకోకుండా చూడటానికి ఇంటెల్ ఎంపీఎక్స్ అనే సదుపాయాన్ని 2015లో తన చిప్పులలో పెట్టింది. లినక్స్ అదే ఏడాది దానిని ఒప్పుకుంది. కాని వాడేవాళ్ళు కరువయ్యారు. 2020లో లినక్స్ 5.6 కెర్నెల్ దానిని తీసివేసింది. 2023లో ఇంటెల్ ఏపీఎక్స్ అనే కొత్త విస్తరణను ప్రకటించింది. దానితో సాధారణ రిజిస్టర్లు 16 నుంచి 32 అవుతాయి. అదనంగా వచ్చే 16 రిజిస్టర్లకు కావలసినది 128 బైట్లు. సంచిలో ఎంపీఎక్స్ ఖాళీ చేసిన చోటు సరిగ్గా 128 బైట్లు. ఆ చోటునే దీనికి కేటాయించారు. చనిపోయిన సదుపాయం కూడా ఒక విధంగా పనికివచ్చింది!

మనం చేయగలిగినది

ఇదంతా అమెరికాలో ఎక్కడో జరిగే వ్యవహారమని విద్యార్థులు అనుకోకూడదు. లినక్స్ కెర్నెల్ మూలం అందరికీ తెరిచిన పుస్తకం. కావలసింది ఒక కంప్యూటరు, ఓపిక. లినక్స్ ఉన్న యంత్రంలో ప్రాక్ ఫోల్డరులోని సీపీయూఇన్‌ఫో అనే ఫైలు తెరవండి. ఫ్లాగ్స్ అనే వరసలో ఏవీఎక్స్ పేరు ఉందేమో చూడండి. ఉంటే, యంత్రాన్ని మళ్ళీ బూట్ చేస్తూ కెర్నెల్‌కు నోఎక్స్‌సేవ్ అన్న మాట అందించండి. కొత్త పద్ధతిలో సర్దవద్దని దాని అర్థం. ఇప్పుడు అదే ఫైలు తెరిస్తే ఏవీఎక్స్ పేరు కనిపించదు. చిప్పు మారలేదు, ఒక్క ట్రాన్సిస్టరు కూడా తగ్గలేదు. అటెండరు హామీ వెనక్కి తీసుకున్నాడు, సొరుగుకు తాళం పడింది. నేను పేజీల కొద్దీ రాసినదానిని ఈ అయిదు నిమిషాల ప్రయోగం కళ్ళకు కడుతుంది. మరోసారి మామూలుగా బూట్ చేస్తే అన్నీ యథాప్రకారం వస్తాయి కాబట్టి భయం లేదు.

అధ్యాపక మిత్రులకు, ప్రయోగశాలకు యంత్రాలు కొనే పెద్దలకు ఒక మనవి. కొటేషన్లు పిలిచేటప్పుడు చిప్పు పేరుతో పాటు, దాని ఫలానా సదుపాయాన్ని మనం వేయబోయే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షను నుంచి ఒప్పుకుంటుందో కూడా అడగండి. దీనికి వెనకవైపు కూడా ఉంది. కొత్తదానిని ఒప్పుకున్నట్టే, ఆపరేటింగ్ సిస్టమ్‌లు పాతదానిని వదిలేస్తాయి. 386 మీద పుట్టిన లినక్సే 2013లో, 3.8 కెర్నెల్‌తో, 386కు స్వస్తి చెప్పింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయమూ, తన జాబితాలో ఉన్న ప్రాసెసరూ కావాలంటుంది. నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాలు ఆ కారణంగానే మూల పడవచ్చు. వాటిని తుక్కుకు వేసేముందు, వాటిని ఇంకా ఒప్పుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా ఉందా అని చూడటం పొదుపు, పైగా మంచి పాఠం.

ఇక చదువుకునే మిత్రులకు చివరి మాట. చిప్పు చేసేవాడి పేరు పెట్టె మీద ఉంటుంది. ప్రోగ్రాము రాసినవాడి పేరు తెర మీద కనిపిస్తుంది. మధ్యలో సెకనుకు వందలసార్లు సంచులు మోసే అటెండరు పేరు ఎక్కడా ఉండదు. అతను తన పని సరిగ్గా చేసినన్నాళ్ళు అతనున్నట్టే మనకు తెలియదు. కాని కొత్త సొరుగుకు తాళం తీయగలిగినది అతనొక్కడే. మీలో కొందరైనా ఆ పని నేర్చుకోవాలని, చిప్పు రాకముందే తాళంచెవి తయారుచేసేవారిలో మన కళాశాలవారూ ఉండాలని నా ఆశ.